గుట్ట మీద పెట్టే బొమ్మ గుట్టను చూపించాలి

రాష్ట్ర పర్యాటక శాఖ అధికారులకు, జిల్లా యంత్రాంగానికి, గుట్టల కింది గ్రామాల పంచాయతీ పెద్దలకు నమస్కారాలు.

నేను హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ టీచరును. వానలు తగ్గినప్పటి నుంచి ఎండలు ముదిరేదాకా, వీలు దొరికిన ఆదివారమల్లా నగరం చుట్టుపక్కల ఉన్న గుట్టలు ఎక్కుతాను. ఒక్కోసారి ఇంట్లోవాళ్లతో, ఒక్కోసారి బడి పిల్లలతో. ఈ మధ్య చాలాచోట్ల, లోయ బాగా కనిపించే అంచుకు చేరేసరికి అక్కడ ఒక భారీ వస్తువు ఎదురవుతోంది. మనిషికి రెండింతల ఎత్తు ఇనుప ఫ్రేము, లేదా ఎర్రటి గుండె, లేదా ఫైబరుతో చేసిన రెక్కల జత, లేదంటే ఇంగ్లిషు అక్షరాల్లో ఊరి పేరు. ఇలాంటివి ఇంకా వస్తాయని అంటున్నారు. రావద్దని నేను అనడం లేదు. కొండ మీద పెద్ద కళారూపం ఉండాలని కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ని. టెండరు పిలిచే ముందు, గుంత తవ్వే ముందు, దాన్ని ఎందుకు పెడుతున్నామో, ఎటు తిప్పి పెడుతున్నామో ఒక్కసారి ఆలోచించమని అడగడానికే ఈ లేఖ.

ఈ పనిని బాగా చేసిన ఊరు ఒకటి ఇటలీలో ఉంది. పీడ్‌మాంట్ ప్రాంతంలో లాంఘే అనే కొండల వరుస, ఆ కొండల నిండా ద్రాక్షతోటలు. 2014లో యునెస్కో ఆ తోటల నేలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి క్లవెసానా గ్రామంలో స్థిరపడ్డ క్రిస్ బ్యాంగిల్ అనే అమెరికన్, ఒకప్పుడు బీఎండబ్ల్యూ కార్ల రూపకల్పన విభాగానికి అధిపతిగా పనిచేసినవాడు, 2010లో తన స్థలంలో ఒక ఎర్రటి బెంచీ కట్టించాడు. పార్కులో ఉండే మామూలు బెంచీ లాంటిదే, పరిమాణం మాత్రం రాక్షసుడు కూర్చునేంత. దాని మీదికి పాకి ఎక్కాలి. ఎక్కి కూర్చుంటే కాళ్లు నేలకు అందవు, గాలిలో ఊగుతాయి. అరవై ఏళ్ల మనిషికి కూడా పెద్దవాళ్ల కుర్చీ ఎక్కి కూర్చున్న చిన్నప్పటి రోజు గుర్తుకొస్తుంది. ఎదురుగా తోటలు, కొండలు, దూరాన ఆల్ప్స్ పర్వతాలు. ఆ బెంచీ చూసి పక్క ఊళ్లవాళ్లు మాకూ కావాలన్నారు. ఇప్పుడు అలాంటివి 300 దాటాయి, రంగు రంగులవి, ఇటలీ బయట కూడా ఉన్నాయి.

నాకు ఆ బెంచీ కంటే, దాని వెనక ఉన్న నియమాలు ఎక్కువ నచ్చాయి. నమూనా చిత్రాలు ఉచితంగా ఇస్తారు, కానీ ప్రభుత్వ సొమ్ము వాడకూడదు. చందాలతోనో దాతల డబ్బుతోనో స్థానిక పనివాళ్లతోనే కట్టించుకోవాలి. ఎవరైనా ఎప్పుడైనా వచ్చి కూర్చునే వీలుండాలి. అన్నిటికీ మించి, ఎదురుగా చూడదగ్గ దృశ్యం ఉండాలి. తిరిగేవాళ్ల కోసం పాస్‌పోర్టు లాంటి చిన్న పుస్తకం ఉంటుంది. ఒక్కో బెంచీకి ఒక్కో ముద్ర. ఆ ముద్ర బెంచీ దగ్గర దొరకదు, కింద ఊరి దుకాణంలోనో కాఫీ హోటల్లోనో వేయించుకోవాలి. అంటే బెంచీ కోసం వచ్చిన మనిషి ఊళ్లోకి నడిచి తీరాలి. ఇన్నేసి బెంచీలు కొండలకు భారం అవుతున్నాయని అక్కడి పర్యావరణవాదులు కొందరు గట్టిగానే అభ్యంతరం చెబుతున్నారు, ఆ మాటనూ మనం వినాలి. అయినా ఆ బెంచీలో ఒక ధర్మం ఉంది. కూర్చున్న మనిషి ముఖం లోయవైపే ఉంటుంది.

మన దగ్గర జరుగుతున్నది ఇందుకు తలకిందులు. నేను చూసిన ఒక ఫ్రేము గురించి చెబుతాను. ఊరి పేరు రాయను, ఎందుకంటే అది ఒక్క ఊరి సంగతి కాదు. ఇనుప గొట్టాలతో చేసిన ఆ నలుచదరపు ఫ్రేమును సరిగ్గా గుట్ట అంచున, లోయ అంతా పరుచుకుని కనిపించే ఒకే ఒక చోట నాటారు. ముందు నలభై యాభై మంది వరస. ఒక్కో కుటుంబం వచ్చి, కింది గొట్టం మీద నిలబడి, లోయకు వీపు పెట్టి, ఫోనుకు ముఖం పెట్టి, దిగి వెళ్లిపోతోంది. చెప్పుల రాపిడికి ఆ గొట్టం రంగు పోయి వెండిలా మెరుస్తోంది. అతుకుల దగ్గర తుప్పు పట్టి, వాన నీటితో పాటు జారి, కింది సిమెంటు దిమ్మె మీద గోధుమ రంగు చారలు కట్టింది. దిమ్మెకు బిగించిన బోల్టుల్లో ఒకదానికి నట్టు లేదు. దిమ్మె పోయగా మిగిలిన కాంక్రీటును పక్కనే ఉన్న గ్రానైటు బండ మీద కుమ్మరించి వెళ్లారు. అది అక్కడే గట్టిపడిపోయింది.

ఆ రోజు నా వెంట పిల్లలున్నారు. చూసింది చూసినట్టు గీయమని కాగితాలిచ్చాను. వాళ్లు గీసిన బొమ్మల్లో చాలావాటిలో లోయ లేదు. ఫ్రేము ఉంది, వరస ఉంది, ఎత్తి పట్టుకున్న ఫోన్లు ఉన్నాయి. పిల్లల తప్పేమీ లేదు, కళ్లకు ఎదురుగా ఉన్నదే గీశారు. లోయను గీయాలనుకున్న ఇద్దరు ముగ్గురు, చూపు ఆనే చోటు కోసం పక్కనున్న ఏటవాలు బండ మీదికి వెళ్లబోతే నేనే ఆపాల్సి వచ్చింది. అక్కడ కటకటాలు లేవు. కటకటాలన్నీ ఫ్రేము చుట్టూనే ఉన్నాయి.

ఫొటో దిగడం తప్పని నేను అనను. ఏడాదికి ఒక్కసారి సెలవు దొరికి, అప్పు చేసి ఆటో మాట్లాడుకుని వచ్చిన కుటుంబానికి ఆ ఫొటో ఎంత విలువైనదో నాకు తెలుసు. నా అభ్యంతరం మనుషుల మీద కాదు, ఆ వస్తువును అలా తిప్పి పెట్టిన ఆలోచన మీద. అంత కష్టపడి గుట్ట ఎక్కిన మనిషికి, ఎక్కినందుకు దక్కాల్సిన దృశ్యాన్ని వీపు వెనక్కు నెట్టేస్తోంది అది. ఫ్రేమునే నాలుగు బారలు వెనక్కు జరిపి, దాని ముందు కూర్చునే అరుగు ఒకటి కట్టి ఉంటే, అదే ఇనుము లోయను కళ్లకు కట్టించేది. ఫొటోలోనూ లోయ బాగా పడేది.

ఆ గుట్ట మెట్ల దగ్గర మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మే ఒక పెద్దమ్మతో మాట్లాడాను. "ముందు పైన కాసేపు కూర్చుని, దిగి వచ్చి ఒక కంకి తినేవాళ్లు బిడ్డా. ఇప్పుడు ఫొటో దిగి బండెక్కుతున్నారు" అంది. పర్యాటక ఆదాయాన్ని టికెట్ల సంఖ్యతో లెక్కేసే పెద్దలు ఈ మాట గురించి ఆలోచించాలి. ఊరికి డబ్బు మిగిలేది ఎంతమంది వచ్చారన్న దాన్ని బట్టి కాదు, వచ్చినవాళ్లు ఎంతసేపు ఉన్నారన్న దాన్ని బట్టి. అయిదు నిమిషాల్లో పని ముగిసే వస్తువు పెడితే, పార్కింగు గుత్తేదారుకు తప్ప ఎవరికీ లాభం లేదు. నీడలో గంటసేపు కూర్చోబెట్టే వస్తువు పెడితే కంకులు అమ్ముడవుతాయి, సీతాఫలాలు అమ్ముడవుతాయి, తండా ఆడపడుచులు కుట్టిన అద్దాల సంచులు అమ్ముడవుతాయి. ఇటలీ వాళ్ల ముద్రల పుస్తకాన్ని ఎలాగైనా ఇక్కడికి తేవచ్చు. వికారాబాద్ గుట్టకొక ముద్ర, భువనగిరికొకటి, సోమశిలకొకటి. ఆ ముద్ర స్వయం సహాయక సంఘం నడిపే దుకాణంలో మాత్రమే దొరకాలి.

ఇక ఏం పెట్టాలన్న మాటకు వస్తాను. ఇటలీ బెంచీని ఉన్నదున్నట్టు దించుకోమని నేను చెప్పను. వాళ్ల బెంచీకి వాళ్ల పార్కుల్లో మూలం ఉంది. దూరం చూడటం కోసమే మన రైతులు కట్టుకున్నది మన పొలాల్లోనే ఉంది, దాని పేరు మంచె. నాలుగు గుంజలు, అడ్డంగా వాసాలు, పైన కర్రల పరుపు, దాని మీద గడ్డో తాటాకో కప్పు, ఎక్కడానికి ఒక నిచ్చెన. జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో వడిసెల చేతబట్టి దాని మీద కూర్చుంటే పిట్టలు తోలడం ఒక పని, ఊరంతా చూడటం ఇంకో పని. చేను ఎటు గాలికి ఊగుతోందో, చెరువు కట్ట మీద ఎవరు నడుస్తున్నారో, మబ్బు ఏ దిక్కున కమ్ముతోందో మంచె మీద కూర్చున్నవాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ మంచెను పదింతలు పెద్దది చేసి గుట్ట అంచుకు కాస్త వెనగ్గా నిలబెట్టండి. పది మంది ఒకేసారి ఎక్కి, వరసగా కాళ్లు వేలాడేసుకుని, తాటాకు నీడలో లోయ చూస్తూ కూర్చునేలా. లోపల బరువు మోయడానికి ఉక్కు ఉంటే ఉండనివ్వండి, చేతికి, చూపుకు తగిలేది కర్రే కావాలి. ఆ ఊరి వడ్రంగులతో చేయించండి. ఎంతమంది ఎక్కవచ్చో పెద్ద అక్షరాలతో తెలుగులో రాయండి. ఎక్కలేనివాళ్ల కోసం మంచె కింద, లేదా పక్కనున్న చెట్టు చుట్టూ, రచ్చబండ లాంటి విశాలమైన రాతి అరుగు కట్టండి. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లవాడు నా తరగతిలో ఉన్నాడు. వాళ్లకూ అదే దృశ్యం దక్కాలి, అదే ఎత్తున కాకపోయినా.

నీడ అని ఊరికే అనడం లేదు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 42 డిగ్రీలు మామూలు. ఇటలీ కొండ మీద ఇనుప బెంచీ పెడితే కూర్చుంటారేమో, ఇక్కడ మధ్యాహ్నం ఇనుము మీద చేయి పెడితే బొబ్బలెక్కుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం పిడుగు. వేసవి సాయంత్రాలు గాలిదుమారంతో వచ్చే వానల్లో మన పల్లెల్లో ఏటా పిడుగులకు మనుషులు, గొర్రెల మందలు బలవుతూనే ఉన్నారు. గుట్ట మీద అన్నిటికంటే ఎత్తైన చోట, లోహంతో చేసిన వస్తువు దగ్గర జనం గుమిగూడేలా చేస్తున్నాం. పిడుగు వాహకం, ఉరుములు మొదలైతే జనాన్ని కిందికి దించే మనిషి, ఈ రెండూ లేకుండా ఏ ఫ్రేముకూ అనుమతి ఇవ్వకండి. గాలి సంగతీ అంతే. ఇంగ్లండులో గేట్స్‌హెడ్ దగ్గర, ఒకప్పుడు బొగ్గు గని ఉన్న మిట్ట మీద, ఆంటొనీ గోర్మ్‌లీ అనే శిల్పి 1998లో నిలబెట్టిన 'ఏంజెల్ ఆఫ్ ద నార్త్' విగ్రహం ఎత్తు 20 మీటర్లు, రెక్కల వెడల్పు 54 మీటర్లు, బరువు దాదాపు 200 టన్నులు. ఆ రెక్కలు గాలికి ఎదురొడ్డి నిలవడానికి నేలలోకి కూడా ఇంచుమించు 20 మీటర్ల లోతు పునాది వేశారు. పైకి ఎంత కనిపిస్తుందో లోపల అంత ఉంది. మనవి అంత పెద్దవి కావు కాబట్టి అంత లోతూ అక్కర్లేదు. కానీ ఇంజినీరు లెక్క వేసి సంతకం పెట్టాలి, ఏటా వానాకాలం ముందు బోల్టులు, అతుకులు పరీక్షించాలి, పరీక్షించిన తేదీ అక్కడే రాయాలి. ప్రారంభోత్సవానికి శిలాఫలకం వేస్తున్నప్పుడు దాని పక్కన ఈ చిన్న పలకకు చోటు దొరక్కపోదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే విషయం చెబుతాను. మన గుట్టల మీద ఉన్న బండలు. వాటి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల గ్రానైటు గడ్డకట్టి, పగుళ్లు ఇచ్చి, ఆ పగుళ్ల వెంట నీరు దిగి, నేలలో ఉండగానే మూలలు అరిగి గుండ్రబడి, పైమట్టి కొట్టుకుపోయాక ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బయటపడ్డాయి. ఖాజాగూడ గుట్టల దగ్గరా, హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని పుట్టగొడుగు రాయి దగ్గరా నిలబడి చూడండి. అంత బరువు అంత చిన్న ఆనుబాటు మీద ఎలా నిలిచిందో చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. శిల్పం అంటే ఏమిటో పిల్లలకు చెప్పాలంటే నేను ముందు వాళ్లను ఆ బండల దగ్గరికే తీసుకెళతాను. బరువు, సమతూకం, ఖాళీ, నీడ, అన్నీ అక్కడే నేర్పవచ్చు. వాటిని కాపాడుకోవాలని 1996లోనే ఈ నగరంలో 'సొసైటీ టు సేవ్ రాక్స్' అనే సంస్థ ఏర్పడింది. అయినా క్వారీలకు, వెంచర్లకు ఎన్ని పోయాయో మీకూ తెలుసు. మిగిలినవాటిలో కొన్నిటిని ఇప్పుడు అందంగా చేస్తామని డ్రిల్లు పెట్టి తొలిచి, రంగులు పూసి, వాటి ముందు ఫైబరు జిరాఫీలు నిలబెడితే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఏ గుట్ట మీద అలాంటి బండల గుంపు ఉంటే అక్కడ కొత్తగా ఏమీ పెట్టకండి. ఆ బండలకు ఎదురుగా, తగినంత దూరంలో, కూర్చోవడానికి ఒక అరుగు చాలు. ఆ రాయి ఎలా పుట్టిందో నాలుగు వాక్యాల్లో చెప్పే పలక చాలు.

అలాగే అటవీ భూములు. నల్లమలలో, మన్ననూరు దాటాక ఉన్న ఫర్హాబాద్ వ్యూపాయింట్ అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉంది. అది చెంచుల అడవి, పులుల అడవి. 1980 అటవీ సంరక్షణ చట్టం కూడా అలాంటి చోట అడవికి సంబంధం లేని పనులకు అంత తేలిగ్గా ఒప్పుకోదు. చట్టం ఒప్పుకున్నా మనం ఒప్పుకోకూడదు. అక్కడ ఒక్క బోల్టు కూడా కొత్తగా దిగకూడదని నా మనవి.

పెట్టే చోట మాత్రం, ఆ చోటుకే చెందిన మాట చెప్పేది పెట్టండి. అనంతగిరిని తీసుకోండి. మూసీ పుట్టింది ఆ కొండల్లోనే. 1908 సెప్టెంబరులో హైదరాబాద్‌ను ముంచేసిన వరద ఆ నదిదే. ఆ వరద తర్వాతే మూసీ మీద గండిపేట, దాని ఉపనది ఈసా మీద హిమాయత్‌సాగర్ కట్టుకున్నాం. తరాల తరబడి నగరం తాగిన నీళ్లవి. మా పిల్లలకు మూసీ అంటే చాదర్‌ఘాట్ వంతెన కింద ముక్కు మూసుకునే నీళ్లే. అనంతగిరి మీద ఒక పెద్ద రాతి వలయం నిలబెట్టి, అందులోంచి చూస్తే వాగు తూర్పుకు మళ్లే దిక్కు కనిపించేలా అమర్చి, ఇక్కడి నీరు ఎన్ని ఊళ్లు దాటి మన వంతెన కిందికి వస్తుందో చెక్కితే, ఆ పిల్లలు ఆ నదిని ఇంకోలా చూస్తారు. భువనగిరి కోట బండ మీద అయితే రాయగిరి దిక్కు చూపించే పలక ఒకటి కావాలి. హుస్సేన్‌సాగర్ నడుమ నిలబడ్డ బుద్ధ విగ్రహాన్ని చెక్కిన రాయి ఆ రాయగిరిది. 1990లో తెప్పతో సహా సాగరంలో మునిగి, ప్రాణాలను బలితీసుకుని, 1992 డిసెంబరులో పీఠమెక్కిన రాయి అది. ట్యాంక్‌బండ్ మీద రోజూ చూసే విగ్రహం ఏ గుట్ట నుంచి వచ్చిందో ఎంతమందికి తెలుసు?

శాశ్వతంగా పెట్టాల్సిందేనన్న పట్టుదల కూడా వదులుకోవచ్చు. తాత్కాలికమైన భారీ కళలో హైదరాబాద్‌కు పాఠాలు చెప్పగలవాళ్లు తక్కువ. ఖైరతాబాద్ వినాయకుడు 1954లో ఒక్క అడుగు విగ్రహంగా మొదలై 2024కు 70 అడుగులయ్యాడు. నెలల తరబడి కడతారు, నవరాత్రులు మొక్కుతారు, సాగరంలో కలిపేస్తారు. వచ్చే ఏడు మళ్లీ కొత్తగా. అమెరికాలో క్రిస్టో, జాన్‌క్లాడ్ దంపతులు 1976 సెప్టెంబరులో కాలిఫోర్నియా కొండల మీదుగా 39 కిలోమీటర్ల పొడవున, 5.5 మీటర్ల ఎత్తున తెల్లటి నైలాను గుడ్డ కట్టారు. అది నిలిచింది 14 రోజులే. అందుకోసం 59 మంది పశుపోషకుల ఇళ్లకు తిరిగి ఒప్పించారు, బహిరంగ విచారణలకు కూర్చుని జవాబులు చెప్పారు, విప్పాక ఆ గుడ్డ, స్తంభాలు ఆ పశుపోషకులకే ఇచ్చేశారు. నాకు ఇందులో గుడ్డ కంటే ఆ ఒప్పించడం గొప్పగా కనిపిస్తుంది. మన గుట్ట మీద ఏదైనా పెట్టే ముందు కింది ఊరి గ్రామసభలో నమూనా పెట్టి, పశువులు మేపేవాళ్లను, గుడి పూజారిని, దర్గా ముజావరును, కంకులు అమ్మే పెద్దమ్మను అడిగే ఆనవాయితీ ఉందా? వాళ్లు వద్దంటే ఆగే పద్ధతి ఉందా? దసరా నుంచి సంక్రాంతి దాకా వెదురుతో, తాటాకుతో, మట్టితో కట్టించి, తర్వాత విప్పేసి, మరుసటి ఏడు ఇంకో ఊరి పనివాళ్లకు అవకాశం ఇస్తే గుట్టకు గాయమూ ఉండదు, తుప్పూ ఉండదు. చూసినవాళ్లు మళ్లీ రావడానికి కారణమూ ఉంటుంది.

మాసబ్‌ట్యాంక్ దగ్గరి లలిత కళల కళాశాలలో శిల్పం చదువుతున్న పిల్లలున్నారు. వరంగల్, నిర్మల్, పెంబర్తి చుట్టూ చేతి పని తెలిసిన కుటుంబాలున్నాయి. కేటలాగు చూసి ఫైబరు గుండె ఆర్డరు పెట్టే ముందు ఒక్కసారి వాళ్లను పిలిచి గుట్ట ఎక్కించండి. ఒక పగలు, ఒక సాయంత్రం అక్కడ కూర్చోమనండి. ఎండ ఎటు నుంచి పడుతుందో, జనం ఎక్కడ అలసి ఆగుతారో, గొర్రెలు ఏ దారిన దిగుతాయో చూశాకే పెన్సిలు పట్టమనండి.

ఇప్పటికే పెట్టేసిన వాటి విషయంలో నా అభ్యర్థన చిన్నది. లోయకు అడ్డంగా ఉన్నవాటిని వెనక్కు జరిపించండి. లేని నట్టులు బిగించండి. బండల మీద కుమ్మరించిన కాంక్రీటును చెక్కి తీయించండి. కటకటాలను జనం లోయ చూసే చోటికి మార్చండి. వీటికి కొత్త బడ్జెట్టు అక్కర్లేదు, వారం రోజుల పని.

మా ఎనిమిదో తరగతి పిల్లలు వెదురు పుల్లలతో, అట్టముక్కలతో మంచె నమూనాలు చేస్తున్నారు. నిచ్చెన ఎటు ఉండాలన్న దాని మీద ఇంకా వాదులాట తెగలేదు. పూర్తయ్యాక ఫొటోలు తీసి మీ కార్యాలయానికి పంపుతాను. మీలో ఎవరైనా ఒక గంట తీరిక చేసుకుని బడికి వస్తే, నమూనాలు ముందు పెట్టుకుని పిల్లలే మీకు వివరిస్తారు.

భవదీయుడు,
హైదరాబాద్ నుంచి ఒక డ్రాయింగ్ టీచరు